గంటన్నర దూరం

రామమ్మ ఏడవలేదు. మరియదాసుకి అదే భయమేసింది. భర్త పోయి వారమైంది. చిన్నకొడుకు జైల్లో ఉన్నాడు. అయినా ఆమె కుర్చీ అంచున కూర్చుని, మడత పెట్టిన కాగితం ఒళ్ళో పెట్టుకుని, పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పుకుపోతోంది. టీ ఇస్తే తీసుకుంది కానీ తాగడం మరిచిపోయింది.

కోల్‌కతా భవానీపూర్‌లో ఒక హోమియో మందుల షాపు మీద రెండు గదులు అద్దెకు తీసుకుని లలితాంబ ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు పెట్టి ఎనిమిదేళ్ళయింది. అంతకుముందు ఇరవై ఏళ్ళు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేసింది. మనుషులు అబద్ధాలు చెప్పడం ఆమెకు కొత్త కాదు, కోపమూ రాదు. ఆమె సహాయకుడు మరియదాసు ఆమెకంటే పదేళ్ళు పెద్ద. ఖిదిర్‌పూర్ ఓడరేవులో ముప్ఫై ఆరేళ్ళు క్రేను నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఇక్కడ చేరి, ఇప్పుడు లలితాంబ తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందని నమ్మే స్థితికి వచ్చాడు.

"మా ఆయిన పెద్దిరాజు," అంది రామమ్మ. "హౌరాలో, మునిసిపాల్టీలో సఫాయి పని. పోయిన బుధవారం మద్దేన్నం డూటీ దిగొచ్చి పడుకున్నాడు. నాను సాయంత్రం అయిదు గంటలకి వంటపని నుంచొచ్చి సూసేసరికి లేడు. నిద్దట్లో పోనాడనుకున్నాం. డాక్టరుబాబు కళ్ళు తెరిసి సూసి, సంతకం పెట్టనన్నాడు. తలగడతో ఊపిరి మూసీసినారట."

"మీ చిన్నబ్బాయిని ఎందుకు పట్టుకెళ్ళారు?"

"మనోహర్ ఆ పొద్దు ఆయినతో గొడవాడినాడమ్మా. ఇంకో తొమ్మిది రోజుల్లో రిటైరవుతాడు గదా, కోటరు ఖాళీ సెయ్యాల. మమ్మల్నెక్కడికి పొమ్మంటావని అరిసినాడు. నువ్వు బతికినా సచ్చినా మాకొకటే అనీసినాడు. పాడా అంతా, మా వరసిళ్ళోళ్ళంతా ఇన్నారు. ఆ తరవాత తాగీసి, గంగ ఒడ్డున పడుకున్నానంటాడు. సూసినోళ్ళు ఎవులూ నేరు."

లలితాంబ ఆ కాగితం అడిగి తీసుకుంది. పెద్దకొడుకు ప్రదీప్‌కుమార్ పేరున దరఖాస్తు. మనిషి ఉద్యోగంలో ఉండగానే పోతే ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం అడిగే వీలుంది. ఉద్యోగంతో పాటు క్వార్టరు కూడా నిలుస్తుంది. పెద్దిరాజు ఈ నెలాఖరు దాటి బతికి ఉంటే ఈ కాగితానికి అర్థమే లేదు. అడుగున భార్య అంగీకారం కోసం ఖాళీ వదిలారు. శుక్రవారం లోపు ఇవ్వాలి.

"దీని మీద నాను ఏలుముద్ర ఎయ్యాల," అంది రామమ్మ. "మా సిన్నోడు తాగుతాడు, అరుత్తాడు. సెయ్యెత్తడు తల్లీ. ఆడు కాకపోతే ఎవులు? అది తెలీకుండా ఎలాగెయ్యను? తెలిసినాక ఎయ్యమంటే ఏత్తాను."

పెద్దకొడుకు పేరు ఆమె ఎత్తలేదు. లలితాంబే అడిగింది.

"ఆడు ఆ పొద్దు ఊర్లో ఉన్నాడమ్మా. మా సిన్నమావ దినానికి ఆదివారం ఎల్లినాడు, శుక్రవారం వత్తానన్నాడు. బుధవారం సాయంత్రం అయిదున్నరకి నానే ఫోను సేసినాను. నువ్వొచ్చేదాకా మీ నాన్నని ఎత్తం అన్నాను. ఇమానం ఎక్కి వచ్చీసినాడు. తొమ్మిదికల్లా గుమ్మంలో ఉన్నాడు. భుజాన సంచి తియ్యకుండానే కూలబడిపోనాడు."

"విమానమే!" అన్నాడు మరియదాసు, ఉండబట్టలేక. "మంచి కొడుకమ్మా. మేం నలభై ఏళ్ళ నుంచి హౌరాలో రైలెక్కడం, తెల్లారి పలాసలో దిగిపోవడం. వైజాగు ఎలాగుంటదో నేనింతవరకు చూడనేలేదు మేడంగారూ. మా స్టేషను ముందే వచ్చీస్తది."

"మాదీ పలాసే బాబూ," అంది రామమ్మ. "అక్కడ దిగి ఆటో ఎక్కితే అరగంట. నీలంపేట."

లలితాంబ కాగితం మడిచి తిరిగి ఇచ్చింది. "శుక్రవారం ఉదయం వరకు వేలిముద్ర వెయ్యకండి. ఎవరడిగినా చెయ్యి నొప్పి అని చెప్పండి."

* * *

మర్నాడు ఇద్దరూ పడవలో గంగ దాటి హౌరా వెళ్ళారు. మునిసిపల్ క్వార్టర్లు రెండు వరుసల్లో, మధ్యలో ఒక పంపుతో, ముప్ఫై కుటుంబాలకి సరిపోయేంత గోలతో ఉన్నాయి. వీళ్ళు లోపలికి నడుస్తుంటే ఆ గోల తగ్గింది. చావు జరిగిన చోట కొత్త మనుషులు కనిపిస్తే ఎవరైనా అంతే.

పొరుగింటి గవరయ్య అడక్కుండానే అన్నీ చెప్పేశాడు. మనోహర్ అరుపులు తనే విన్నాడు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర వరకు ఈ వరుసలో మగాళ్ళంతా నిద్రపోతారు, తెల్లవారుజామున లేచి రోడ్లు ఊడ్చేవాళ్ళు కదా. ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనులకి వెళతారు. ఆ వేళకి ఏనుగు నడిచొచ్చినా ఎవరూ చూడరు.

"పెద్దోడు మాత్రం బంగారమండి," అన్నాడు గవరయ్య. "నానైతే నమ్మనేదు. అయిదున్నరకి ఫోను, తొమ్మిదికి మనిషి! మా పాడాలో ఇమానం ఎక్కినోడు ఆడే మొదలు. గంటన్నరలో దింపీసినారట. అందరం అదే సెప్పుకున్నాం."

ఇంట్లో పెద్దకోడలు పుష్పరాణి నేల మీద కూర్చుని అరటికాయ తరుగుతోంది. కత్తిపీట కొత్తది. చెక్క ఇంకా తెల్లగా ఉంది. లలితాంబ ఎదురుగా చాప మీద కూర్చుంది.

"మంచి కత్తిపీట. ఇక్కడి బజారుది కాదే."

"ఊరిదేనండి. అక్కడి కమ్మరాయన చేసింది. ఇక్కడివి రెండు నెలలకే మొండైపోతాయి. తెమ్మని ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాను. ఈసారి మరిచిపోకుండా తెచ్చేరు." అంతవరకు చెప్పి ఆమె ఆగిపోయింది. "ఆ రోజు సంచిలోంచి తీస్తుంటే, ఇలాంటప్పుడు కూడా గుర్తుంచుకున్నారని ఏడుపొచ్చిందండి."

ప్రదీప్‌కుమార్ లోపలి గదిలోంచి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. తండ్రికి తలకొరివి పెట్టిన గుండు మీద ఇంకా వెంట్రుక మొలవలేదు. కళ్ళు ఎర్రగా లేవు, తడిగా లేవు. తల్లి లాగే ఉన్నాడు, లోపల ఎవరో దీపాలన్నీ ఆర్పేసి వెళ్ళినట్టు.

"అమ్మ మిమ్మల్ని పెట్టిందని తెలీదు," అన్నాడు. "అడగండి దీదీ."

"ఏం పని చేస్తారు?"

"దొరికింది. ఆరు నెలలు గోడౌన్లో, ఆరు నెలలు ఖాళీ."

"విమానంలో వచ్చారట. కష్టమైందా?"

"లేదండి. కోల్‌కతా నుంచి విశాఖ ఏడువందల అరవై కిలోమీటర్లు. గంటా ఇరవై అయిదు నిమిషాలు."

"ఎన్నింటికి ఎక్కారు?"

"ఆరున్నరకి. ఎనిమిదికి దిగాను. ట్యాక్సీలో ఇక్కడికి గంట."

"అమ్మగారు ఫోను చేసినప్పుడు ఎక్కడున్నారు?"

"ఊళ్ళోనేనండి. నీలంపేటలో, బాబాయిగారింట్లో."

లలితాంబ లేచి, గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న అతని ప్రయాణపు సంచిని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, వెళ్ళొస్తామని చెప్పింది. మరియదాసుకి నిరాశ కలిగింది. ఇంత దూరం వచ్చి అరటికాయ కూర గురించి మాట్లాడి వెళ్ళడమేమిటి?

పోలీసు థానాలో సబ్‌ఇన్‌స్పెక్టర్ ఘోషాల్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. అతని దృష్టిలో కేసు అయిపోయింది.

"పెద్దవాడి సంగతి నేనూ చూశాను మేడమ్," అన్నాడు బెంగాలీలో. "అతను విశాఖలో ఉన్నాడు. మొన్న పూజ సెలవులకి మేం కూడా విశాఖ వెళ్ళాం, విమానంలోనే. బీచ్ ఎంత బాగుంటుందని! సరిగ్గా గంటన్నర ప్రయాణం. అతను చెప్పిన టైముకి నిమిషం తేడా లేదు."

"టికెట్ చూశారా?"

"తండ్రి శవం దగ్గర కూర్చున్నవాణ్ణి టికెట్ అడగమంటారా?"

అతను చెడ్డవాడు కాదు. ఆ మాటతో లలితాంబకి అతని మీద కాస్త గౌరవం కూడా కలిగింది. బయటికొచ్చాక ఆమె పడవ రేవు దగ్గర ఆగి, "మరియదాసుగారూ, నీలంపేటలో ఆ బాబాయికి ఫోను చెయ్యండి. మీ యాసలోనే మాట్లాడండి, నాతో అయితే భయపడతాడు. ప్రదీప్ ఎప్పుడు బయల్దేరాడో ఒక్కటే అడగండి," అంది.

మరియదాసు పక్కకెళ్ళి ఊరి కబుర్లతో మొదలుపెట్టి, వానల మీదుగా, జీడితోటల మీదుగా అసలు సంగతికి వచ్చాడు. తిరిగొచ్చేసరికి అతని మొహంలో రంగు లేదు.

"మీకు ముందే తెలుసా మేడంగారూ?"

"నిన్న మీరే చెప్పారు," అంది లలితాంబ. "ఈ కేసు తీసుకోకుండా ఉండాల్సింది."

* * *

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి రామమ్మ ఇంటి ముందుగదిలో చాపలు పరిచారు. రామమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమె ముందు ఆ కాగితం, సిరా అద్దిన చిన్న దిండు ఉన్నాయి. పుష్పరాణి తలుపు పక్కన నిలబడింది. గవరయ్య సాక్షిగా వచ్చాడు. ఘోషాల్‌ని ఒకే ఒక్క కుర్చీలో కూర్చోబెట్టారు, ఇద్దరు కానిస్టేబుళ్ళు బయట ఉన్నారు. ప్రదీప్‌కుమార్ తల్లి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"ముందు తెలుగులో చెబుతాను," అంది లలితాంబ ఘోషాల్‌తో. "తర్వాత మీకు. ఇది ఈవిడ అడిగిన ప్రశ్న."

ఆమె గొంతు పెంచలేదు.

"పెద్దిరాజుగారు పోయింది మధ్యాహ్నం రెండు, మూడున్నర మధ్య. ఆ వేళకి ఈ వరుస అంతా నిద్రపోతుందని, రామమ్మగారు, పుష్పరాణి బయట పనుల్లో ఉంటారని తెలిసినవాడు చేశాడు. మనోహర్‌కి తెలుసు. నిజమే. కానీ ఈ ఇంట్లో పుట్టి పెరిగిన ఇంకొకరికి కూడా తెలుసు. ఆయన ఆ రోజు పది గంటల రైలు దూరంలో ఉన్నారన్నారు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రం విమానంలో వచ్చారన్నారు కాబట్టి ఇంకా మంచివాడనుకున్నారు. గవరయ్యగారూ, మీరు ఊరెళ్ళినప్పుడు ముందు ఏ స్టేషను వస్తుంది, పలాసా, విశాఖా?"

"పలాసేనండి. వైజాగు ఇంకా నాలుగ్గంటలు ముందుకెల్లాల."

"విమానం ఎక్కడ దిగుతుంది?"

గవరయ్య ప్రదీప్ వైపు తిరిగాడు.

"విశాఖలో. పలాసలో దిగదు. మీరందరూ నలభై ఏళ్ళుగా ఆ దారిలో తిరుగుతున్నారు. మీ ఊరు ఎక్కడుందో మీకు తెలుసు, విమానం సంగతి తెలీదు. ఘోషాల్‌గారికి విమానం సంగతి తెలుసు, మీ ఊరు తెలీదు. బెంగాలీవాళ్ళకి ఆ వైపు ఊళ్ళన్నీ విశాఖే. ఈ రెండూ తెచ్చి ఒకచోట పెట్టినవాళ్ళు లేరు. మరియదాసుగారు నా ఎదుటే పెట్టారు, ఆయనకి తెలీకుండా."

మరియదాసు తల దించుకున్నాడు. గర్వపడాల్సిన చోటే, కానీ అతనికి గర్వం కలగలేదు.

"అయిదున్నరకి నీలంపేటలో ఫోను ఎత్తిన మనిషి విమానం ఎక్కాలంటే ముందు విశాఖ వెళ్ళాలి. రెండు వందల కిలోమీటర్లు. ఎంత వేగంగా వెళ్ళినా రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. అటు భువనేశ్వర్ వెళ్ళినా ఇంతకంటే దగ్గర కాదు. ప్రదీప్ తొమ్మిదికే ఈ గుమ్మంలో ఉన్నారు. గాలిలో ప్రయాణం గంటన్నరే. గాలిలోకి లేవడానికి నాలుగు గంటలు కావాలని ఫోన్లో వెతికితే దొరికే పేజీలో రాసి ఉండదు. ఏడువందల అరవై కిలోమీటర్లు అని నాకు అప్పజెప్పారు. తండ్రి చావుకి వచ్చేవాళ్ళు కిలోమీటర్లు గుర్తుపెట్టుకోరు."

ప్రదీప్ కదల్లేదు. పుష్పరాణి మాత్రం ఒక అడుగు ముందుకు వేసింది.

"అలా అనకండి దీదీ. ఆయన వచ్చేరు, నేను చూశాను. సంచి కూడా..."

"ఆ సంచిలోనే కత్తిపీట ఉందమ్మా," అంది లలితాంబ, ఈసారి మెల్లగా. "విమానంలోకి గోళ్ళు తీసే కత్తెర తీసుకెళ్ళినా ఆపి అడుగుతారు. కత్తిపీటని చేతిసంచిలో ఎవరూ పోనివ్వరు. విడిగా లగేజీలో వెయ్యొచ్చు. వేస్తే ఆ సంచికి కాగితం పట్టీ కడతారు, ఆ కౌంటరు విమానం లేవడానికి గంట ముందే మూసేస్తారు. ఈ సంచికి పట్టీ కట్టిన గుర్తు లేదు. ఒక్కసారైనా విమానాశ్రయం లోపలికి వెళ్ళినవాళ్ళయితే దాన్ని నీ చేతికి ఇచ్చేవారు కాదు. నువ్వు అడిగావు కాబట్టి తెచ్చారు. అంతే."

పుష్పరాణి నెమ్మదిగా కింద కూర్చుంది. వంటింటి గడప దగ్గర ఆ కత్తిపీట గోడకి ఆనించి ఉంది. ఎవరూ అటు చూడలేదు.

"మంగళవారం సాయంత్రం బాబాయిగారు ప్రదీప్‌ని పలాస స్టేషన్లో స్వయంగా దింపారు. బుధవారం తెల్లవారి ప్రదీప్ హౌరాలో దిగారు. ఇంట్లో శుక్రవారం వస్తానని చెప్పి ఉన్నారు. తండ్రి ఇంకో తొమ్మిది రోజులు బతికితే ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. నేను చెప్పడం అయిపోయింది రామమ్మగారూ."

ఘోషాల్ కుర్చీలో ముందుకి వంగాడు. తెలుగు రాకపోయినా పలాస, విశాఖ, తొమ్మిదిన్నర అన్న మాటలు అతనికి చాలినట్టున్నాయి. జేబులోంచి కాగితం తీసి తన పెన్నుతో ఏదో లెక్క వేసుకుని, దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"మర్నాడు తెల్లారి రైల్లో వచ్చినట్టు రావాల్సింది," అన్నాడు ప్రదీప్‌కుమార్. అతని గొంతులో ఏమీ లేదు. "అదే అనుకున్నాను. హౌరా స్టేషన్లోనే కూర్చున్నాను, రాత్రంతా కూర్చుందామని. అమ్మ ఫోన్ చేసింది. నువ్వొచ్చేదాకా ఎత్తం అంది. ఏడుస్తోంది. అది విన్నాక తెల్లారేదాకా కూర్చోలేకపోయాను దీదీ. ఫోన్లో విమానం ఎంతసేపో చూశాను."

"నాన్న నిన్ను సూసినాడా?" అని అడిగింది రామమ్మ.

"లేదమ్మా. నిద్దరపోతున్నాడు."

రామమ్మ తల ఊపింది. అది ఒక మేలన్నట్టు ఊపింది. గవరయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. లలితాంబ బెంగాలీలో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఘోషాల్ మధ్యలోనే చెయ్యెత్తి ఆపాడు. తను మోసపోయినందుకు అతనికి సిగ్గుగా ఉంది. మనోహర్‌ని విడిపించే కాగితాలు ఇవాళే మొదలుపెడతానన్నాడు. లేచి నిలబడి ప్రదీప్‌ని చూశాడు.

"ఉండు దాదా," అంది రామమ్మ. ఘోషాల్‌ని ఆపిందే గానీ, ఆమె కొడుకు వైపే చూస్తోంది. "ఆ పొద్దు టేసన్లో కూర్సున్నావు గదా. నాను ఫోను సేసిన కాడి నుంచి తొమ్మిది దాకా. అంతకుముందు తెల్లారి నుంచి. ఏటైనా తిన్నావా?"

అప్పుడు ప్రదీప్‌కుమార్ మొహం మొదటిసారి కదిలింది.

"లేదమ్మా. టీ తాగేను."

రామమ్మ గోడ పట్టుకుని లేచింది. వంటింట్లోకి వెళ్ళి కంచంలో అన్నం, నిన్నటి అరటికాయ కూర పెట్టుకుని వచ్చింది. దరఖాస్తు కాగితాన్ని పక్కకి జరిపి ఆ చోటే కంచం పెట్టింది. ఘోషాల్ లలితాంబని చూశాడు. లలితాంబ తల తిప్పుకుంది. అతను మళ్ళీ కుర్చీలో కూర్చుని గడియారం చూడకుండా ఉండడానికి కిటికీలోంచి చూడసాగాడు.

ప్రదీప్ తిన్నాడు. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని, భార్య వైపు ఒకసారి చూసి, కానిస్టేబుళ్ళ మధ్య నడిచి వెళ్ళాడు. జీపు తిరిగిన చప్పుడు వినిపించింది. బయట జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు.

కాగితం వేలిముద్ర లేకుండా చాప మీద అలాగే ఉంది. సిరా దిండు ఆరిపోతోంది. రామమ్మ కంచం తీసుకుని బయట పంపు దగ్గరికి వెళ్ళింది. లలితాంబ, మరియదాసు కూడా బయటికి వచ్చారు. ఆమెతో ఏదైనా చెప్పి వెళ్ళాలని లలితాంబకి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎంతోమందికి నిజం చెప్పింది, ఆ తర్వాత ఏం చెప్పాలో ఇప్పటికీ తెలీదు.

రామమ్మ పంపు తిప్పి కంచం దాని కింద పెట్టబోయి ఆగింది. కంచంలో ఒక్క మెతుకు కూడా మిగల్లేదు. కొడుకు వేళ్ళతో తుడుచుకుని తిన్న గీతలు కనిపిస్తున్నాయి. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని తడిసిన గచ్చు మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది.

పంపులోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి. కాసేపు చూసి, మరియదాసు వెళ్ళి పంపు కట్టేశాడు.